కట్టు మీద అచ్చు

ఆ ఆరోగ్య కేంద్రంలో అందరికీ తలా ఒక గది ఉంది. డాక్టరమ్మకు ఫ్యానున్న గది, పెద్ద నర్సమ్మకు కిటికీ ఉన్న గది, మందులాయనకు ఇనుప జాలీ ఉన్న గది, ల్యాబు పిల్లకు సింకున్న గది. కట్లాయనకు మాత్రం గది లేదు, తెర ఉంది. వరండా చివర, నీళ్ళ కుళాయి పక్కన ఒక ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు. దాని వెనక ఒక ఎత్తు బల్ల, ఒక స్టూలు, కాలితో తొక్కితే మూత తెరుచుకునే ఒక చెత్తడబ్బా. "ఇదే నీ రాజ్యం, ఏలుకో" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఏలుతున్నాడు.

పుండు కడగడం, కట్టు కట్టడం, పాత కట్టు విప్పి డబ్బాలో పడేయడం. ఇదీ అతని ఉద్యోగం. ఏడో క్లాసుతో చదువుకు దండం పెట్టిన మనిషికి అంతకంటే పెద్దది ఎవరిస్తారు? అసలు పేరు జీతాల పుస్తకంలో ఉందిగానీ నోళ్ళలో లేదు. అందరికీ కట్లాయనే. పెద్ద నర్సమ్మకు మాత్రం ఇంకా "అబ్బాయ్"! యాభై రెండేళ్ళొచ్చి, సగం జుట్టు నెరిసిన అబ్బాయి.

కొత్త డాక్టరమ్మ వచ్చాక ఒక పద్ధతి పెట్టింది. ప్రతి బుధవారం భోజనాలయ్యాక అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. డాక్టరు, నర్సు, మందులాయన, ల్యాబు పిల్ల, ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసొచ్చే సుపర్వైజరమ్మ. నయం కాకుండా మొండికేస్తున్న రోగుల కార్డులు ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. "తలా ఒక ముక్క చూసి పంపించేస్తే రోగి ముక్కలైపోతాడు. మనం కలిపి చూడాలి" అంది.

మంచి మాటే. కట్లాయనకూ నచ్చింది. మొదటి బుధవారం తలకు నీళ్ళు రాసుకుని, దువ్వుకుని మరీ వెళ్ళాడు. ఆరు కుర్చీలు వేశారు. ఆరోది తనదే.

ఆవేళ ఒక ముసలమ్మ పిక్క మీద పుండు సంగతి వచ్చింది. నాలుగు నెలలుగా మానడం లేదు. ఏ మందు మారుద్దామా అని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే కట్లాయన గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆవిడ మంచానికి పక్కన ఇనుప పట్టీ ఉందట. దిగినప్పుడల్లా అక్కడే గీసుకుంటోంది. మందు మార్చడం కంటే మంచం మార్చడం నయమేమో..."

మందులాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏమయ్యా, డాక్టరు కోర్సు ఎప్పుడు చదివావు? మాకు చెప్పనేలేదే!"

అందరూ నవ్వారు. ల్యాబు పిల్ల నవ్వింది, సుపర్వైజరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేక, అతని మొహం చూసి సర్దబోయింది. "పోన్లెండి. మీరు కట్టు సంగతి చూసుకోండి చాలు. మిగతా బరువు మేం మోస్తాం."

ఆమె మంచికే అంది. పాపం, రోజుకు నలభై పుండ్లు కడిగే మనిషికి ఇంకో బరువెందుకని అంది. కానీ మాట అనేవాళ్ళ నోట్లో ఒక రకంగా ఉంటుంది, వినేవాళ్ళ చెవిలో పడేసరికి ఇంకో రకంగా ఉంటుంది. కట్లాయన ఆ మాటను ఇంటికి తీసుకెళ్ళాడు, పక్కలో వేసుకుని పడుకున్నాడు, పొద్దున్నే మళ్ళీ దాన్నే కట్టుకుని ఉద్యోగానికి వచ్చాడు. తర్వాతి బుధవారం వెళ్ళలేదు. ఎవరూ వచ్చి పిలవలేదు. ఆ పై బుధవారం తెర పక్కనుంచి తొంగి చూస్తే, ఆరో కుర్చీ మీద గ్లౌజుల పెట్టెలు పెట్టి ఉన్నాయి.

డాక్టరమ్మ కొత్త కార్డులు అచ్చు వేయించింది. ఐదు గళ్ళు. డాక్టరుకొకటి, నర్సుకొకటి, మందులకొకటి, పరీక్షలకొకటి, ఇంటికెళ్ళి చూసినదానికొకటి. కట్టుకు గడి లేదు. నిజానికి పాత కార్డులోనూ లేదు. కానీ అప్పుడు కనబడని ఖాళీ ఇప్పుడు కంట్లో నలుసులా తిరిగింది.

ఆ రోజుల్లోనే టైలరు రావడం మొదలుపెట్టాడు.

టైలరుకు అరవై ఐదు దాటాయి. చక్కెర జబ్బు పాతదే. కుడి పాదం కింద, బొటనవేలు మొదట్లో, రూపాయి బిళ్ళంత పుండు. కాలికి స్పర్శ లేదు. పటకారుతో పుండు అంచులు గీకుతుంటే ఆయన తాపీగా కబుర్లు చెప్పేవాడు. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఆ కాలి మీద బరువు పడకూడదు. మిషను తొక్కడం బంద్. ఇంట్లో కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చోవాలి. ఇక్కడికి కర్ర పట్టుకుని రండి." ఆయన బుద్ధిగా తలూపాడు. మిషనుకు గుడ్డ కప్పేశానన్నాడు.

మనిషి సరదా మనిషి. కట్టు మాయకుండా ఉండాలని తన చేత్తోనే ఒక గుడ్డ జోడు కుట్టుకున్నాడు. లోపల దూది, పైన మందపాటి గుడ్డ, పక్కన రెండు గుండీలు. తెర వెనకాల ఎత్తు బల్ల మీద కూర్చుని ఆ గుండీలు విప్పుతూ, "చూశావా తమ్ముడూ, పెళ్ళికొడుక్కి కూడా ఇంత మంచి జోడు కుట్టలేదు నేను. చివరికి పుండుకు కుట్టాను" అనేవాడు.

"పుండు మాత్రం పెళ్ళికొడుకు కాదా అన్నా? వారానికి మూడుసార్లు ముస్తాబు చేస్తున్నా దానికి."

"అయితే పెళ్ళి అయ్యేదాకా వదలదన్నమాట."

ఇలా సోమ, బుధ, శుక్రవారాలు నడుస్తుంటే, నాలుగో వారం ఒక సోమవారం పొద్దున కట్లాయన కట్టు విప్పుతూ చెయ్యి ఆపాడు.

అరికాలి వైపు, తెల్లటి గుడ్డ మీద, నల్లటి గీతలు. అడ్డంగా కొన్ని, ఐమూలగా కొన్ని. వీధి దుమ్ము ఇలా గీతలు గీయదు. అసలు వీధి దుమ్ము తగలకుండా జోడుంది కదా. వేలితో రాసి చూశాడు. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మిషను నూనె.

"ఏంటన్నా ఇది? కాలికి కిటికీ ఊచలు మొలిచాయా?"

టైలరు నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నీవి కళ్ళు కావు తమ్ముడూ, సూదులు."

"మిషను తొక్కుతున్నావు."

"మెల్లగా మాట్లాడు. డాక్టరమ్మకు వినబడుతుంది."

"ఎందుకు? ఎవరి బట్టలు అంత అర్జెంటు? చెప్పు, నేను పోయి వాళ్ళ బట్టలు వాళ్ళ మొహాన కొట్టొస్తా."

"బట్టలేం లేవు. ఖాళీ మిషనే తొక్కుతున్నా. దారం కూడా ఎక్కించడం లేదు."

అప్పుడు చెప్పాడు. ఇంట్లో ఇద్దరే. పిల్లల్లేరు. భార్యకు మూడేళ్ళుగా మతిమరుపు. మొదట చెంచాలు, తాళాలు మర్చిపోయింది, తర్వాత వీధి పేరు మర్చిపోయింది, పోయిన ఏడాది మొగుడి మొహం మర్చిపోయింది. మర్చిపోనిది ఒక్కటే, మిషను చప్పుడు. నలభై ఏళ్ళు ఆ చప్పుడు పక్కన వంట చేసింది, ఆ చప్పుడు పక్కన నిద్రపోయింది. సాయంత్రం లైట్లు వేసే వేళకు చప్పుడు వినబడకపోతే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోతుంది. మా ఆయన ఇంకా రాలేదు, చూసొస్తానని.

"నేను ఎదురుగానే కూర్చుని ఉంటా తమ్ముడూ. ఇదిగో నేను అంటా. ఎవరండీ మీరు, మా ఇంట్లో ఏం పని అంటుంది. కర్ర పట్టుకుని దాని వెనక పరిగెత్తలేను కదా. ఎడమ మోకాలు ఎప్పుడో పడిన దెబ్బకు వంగదు, ఉన్నది ఈ కుడి కాలే. రెండు గంటలు తొక్కితే నిద్రపోతుంది. రెండంటే రెండే గంటలు."

"డాక్టరమ్మకు చెబుదాం. ఏదో దారి చూస్తుంది."

"ఏం చూస్తుంది? నన్ను తీసుకుపోయి పెద్దాసుపత్రిలో పడుకోబెడుతుంది. సుపర్వైజరమ్మ దాన్ని తీసుకుపోయి ఏ ఆశ్రమంలోనో వేస్తుంది. అక్కడ మిషనుంటుందా? నువ్వు నోరు కుట్టేసుకో. కావాలంటే దారం నేనిస్తా." నవ్వించబోయి, బల్ల మీదనుంచి వంగి కట్లాయన మణికట్టు పట్టుకున్నాడు. "ఒట్టెయ్."

కట్లాయన ఒట్టేశాడు.

నోరు కుట్టేసుకోవడం అతనికి కష్టం కాలేదు. నోరు విప్పితే ఏమైందో అప్పటికే చూశాడు కదా. పాత కట్టు చుట్టి, డబ్బా పెడలు తొక్కి లోపల పడేశాడు. మూత ధభీమని పడింది. పుండు ఉప్పునీళ్ళతో కడిగి శుభ్రం చేసి, రోజూలాగే డాక్టరమ్మకు కబురు పెట్టాడు. ఆమె వచ్చి చూసింది. ఆమె ఎప్పుడూ చూసేది కడిగిన పుండునే, విప్పిన కట్టును కాదు. ఆ కేంద్రంలో పాత కట్టు మొహం చూసేది ఒక్కడే.

ఊరుకున్నాడా అంటే ఊరుకోలేదు. అదే అతను చేసిన తప్పు. మిషను ఇనుప పెడలు తన కట్టును ఏం చేస్తుందో చూద్దాం అనుకున్నాడు. ముప్పై ఏళ్ళ చెయ్యి. రెండు వేళ్ళ మందాన దూది పెట్టాడు. మెత్తటి గుడ్డను మడతలు పెట్టి, మధ్యలో పుండంత కంత కత్తిరించి, దాన్ని పుండు చుట్టూ మెత్తలా అమర్చాడు. పైన మూడు చుట్లు ఎక్కువ వేశాడు. ఆ కట్టు చూసి పెద్ద నర్సమ్మ, "ఏం అబ్బాయ్, ఏనుగుకు కడుతున్నావా?" అంది. "చలికాలం కదమ్మా" అన్నాడు. బయట ఎండ మండిపోతోంది.

బుధవారం గీతలు పలచబడ్డాయి. శుక్రవారం దాదాపు లేవు. కట్లాయనకు లోలోపల ఒక గర్వం. వాళ్ళు ఐదుగురూ ఐదు గళ్ళు నింపి చేయలేనిది తను ఒక్కడూ దూదితో చేస్తున్నాడు. పుండు అంచులు తెల్లబడుతున్నాయని, లోపల ఒక జేబులా ఏర్పడుతోందని పటకారు చెబుతూనే ఉంది. మెత్త లోపల వేడెక్కి చెమట పడుతోందని ముక్కు చెబుతూనే ఉంది. గర్వమున్న చోట ముక్కు సరిగ్గా పనిచేయదు.

ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం ట్రేలో కత్తెరలు ఉడకబెట్టడానికి తీసుకెళ్తూ మీటింగు గది ముందునుంచి పోయాడు. తలుపు తీసి ఉంది. బల్ల మీద టైలరు కార్డు.

"షుగరు దిగిందండీ" అంటోంది ల్యాబు పిల్ల. "నెల కిందటి కంటే చాలా నయం."

"మాత్రలు లెక్క ప్రకారం తీసుకెళ్తున్నాడు" అన్నాడు మందులాయన.

"ఇంజెక్షన్లు ఒక్కటి తప్పలేదు" అంది పెద్ద నర్సమ్మ.

"ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. కాలు స్టూలు మీద పెట్టుకునే కూర్చున్నాడు" అంది సుపర్వైజరమ్మ.

"మరి పుండు ఎందుకు లోతవుతోంది?" డాక్టరమ్మ కార్డు తిప్పి తిప్పి చూసింది. తలెత్తేసరికి గుమ్మంలో కట్లాయన కనబడ్డాడు. "మీరా! రండి, ఒక్క నిమిషం. టైలరు గారి కాలు రోజు విడిచి రోజు చూసేది మీరే కదా. మీకేమైనా అనిపిస్తోందా?"

కట్లాయన గుమ్మం దాటలేదు. కళ్ళు ఆరో కుర్చీ మీదకు వెళ్ళాయి. గ్లౌజుల పెట్టెలు అలాగే ఉన్నాయి. మూడు పెట్టెలు. మందులాయన చెయ్యి చాచితే తీసేయగలడు. తీయలేదు. కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

అప్పుడు ఒక్క మాట చాలు. పెడలు. మూడక్షరాలు. నాలిక చివర దాకా వచ్చింది.

"నాదేముంది మేడమ్?" అన్నాడు. "నేను కట్టు సంగతి చూసుకుంటున్నాను."

డాక్టరమ్మకు ఆ మాట ఎక్కడిదో గుర్తు రాలేదు. "సరే" అని కార్డులో మందు మార్చింది. కట్లాయన ట్రే పట్టుకుని వంటగది వైపు నడిచాడు. కత్తెరలు ట్రేలో గలగలలాడాయి. నడకలో ఒక తృప్తి కూడా ఉంది. ఆ తృప్తిని తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో, ఎన్నిసార్లు తన చెంప తనే వాయించుకోవాలనిపించిందో.

శుక్రవారం టైలరు రాలేదు. ఏదో పని పడి ఉంటుందిలే అనుకున్నాడు. సోమవారం పొద్దున్నే ఒక బండి వచ్చి వరండా ముందు ఆగింది. పక్కింటావిడ, ఇంకొకతను కలిసి టైలరును దించారు. ఒళ్ళు కాలిపోతోంది. మాట తడబడుతోంది. గుడ్డ జోడు గుండీలు పట్టడం లేదు, పాదం అంత వాచింది.

కట్లాయన కట్టు కత్తిరించాడు. రెండు వేళ్ళ మందాన తను పెట్టిన దూది ముద్దలా ఊడొచ్చింది. దాని కింద బొటనవేలి నుంచి మడమ దాకా నలుపు. వాసనకు వరండాలో ఉన్నవాళ్ళు లేచి అవతలికి పోయారు. మెత్త పైపొర మీద మాత్రం గీతలు లేవు. అంత మందాన కట్టాడు మరి. ఇనుము అచ్చు పైకి రాలేదు, లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. పెద్ద నర్సమ్మ చేతికి సెలైను ఎక్కించింది. మందులాయన జాలీ గదిలోంచి ఇంజెక్షన్లు పట్టుకుని తనే వచ్చాడు. ల్యాబు పిల్ల వేలు గుచ్చి చూసింది. అందరూ ఒక్క చేతిలా పనిచేశారు. పది నిమిషాల్లో పెద్దాసుపత్రికి పంపించేశారు. అక్కడ మర్నాడు మోకాలి కింద తీసేశారు.

బుధవారం మీటింగులో ఒకటే కార్డు. డాక్టరమ్మ ఒక్కో గడీ చదివింది. ప్రతి గడీలో పని సరిగ్గానే ఉంది. ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఒక కాలు పోయింది.

కట్లాయన పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మిషను తొక్కాడు" అన్నాడు. "రోజూ సాయంత్రం. నాకు తెలుసు. కట్టు మీద పెడలు అచ్చు పడింది."

అంతా చెప్పాడు. భార్య సంగతి, చప్పుడు సంగతి, దూది సంగతి. 

"నేను వెళ్ళినప్పుడు..." సుపర్వైజరమ్మ అందుకుంది. "నేను సందు మొదట్లోనే హారన్ కొడతాను అన్నయ్యా. పిల్లలు అడ్డం వస్తారని. అది విని స్టూలు మీద కాలు పెట్టుకునేవాడన్నమాట."

ల్యాబు పిల్ల నెమ్మదిగా అంది. "అంకుల్, మా అమ్మమ్మ దగ్గర చేతి మిషను ఉండేది. చక్రానికి ఒక పిడి. చేత్తో తిప్పుతుంటే సరిపోయేది. కాలితో పనే లేదు..."

"పాత మిషన్లకు కూడా బిగించొచ్చు" అన్నాడు మందులాయన. "మా వీధిలో రిపేరు చేసేవాడున్నాడు. అరగంట పని." అనేసి, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

అరగంట. పిడి, రెండు మరలు, అరగంట. ఐదుగురు మనుషులు, ఒక బల్ల, ఒక మాట. 

"ఆవేళ మిమ్మల్ని అడిగాను కదా" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

"అడిగారు" అన్నాడు.

"మరి?"

"ఒట్టేశాను మేడమ్."

అది సగం నిజం. మిగతా సగం ఆరో కుర్చీ మీద ఉంది. డాక్టరమ్మ లేచి వెళ్ళి గ్లౌజుల పెట్టెలు తనే ఒక్కొక్కటీ తీసి కింద పెట్టింది. "కూర్చోండి" అంది. కట్లాయన కూర్చోలేదు. కూర్చోవడానికి ఒక కాలు ఖర్చయింది. ఎలా కూర్చుంటాడు?

ఇంతలో సుపర్వైజరమ్మ ఫోను మోగింది. టైలరు పక్కింటావిడ. "పొద్దుట్నుంచి ఇది రెండోసారి వెళ్ళిపోవడం. నా వల్ల కాదమ్మా, నాకూ సంసారం ఉంది. బయట గొళ్ళెం పెడితే లోపల తలుపు బాదుకుంటోంది."

సుపర్వైజరమ్మ, కట్లాయన బండి మీద వెళ్ళారు. టైలరు భార్య బస్టాపు దగ్గర నిలబడి దిగినవాళ్ళనల్లా అడుగుతోంది. "మా ఆయన వచ్చాడా? పొడుగ్గా ఉంటాడు. మెళ్ళో టేపు ఉంటుంది." సుపర్వైజరమ్మ బుజ్జగించి ఇంటికి తీసుకొచ్చింది. ఒకటే గది, వెనక వంటకు కాస్త చోటు. పొయ్యికి తాళం. కిటికీ కింద మిషను. ఆమె చెప్పులు విప్పడం లేదు. మళ్ళీ గుమ్మం వైపే.

కట్లాయన మిషను మీది గుడ్డ తీశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెప్పులు వదిలేసి కుడి పాదం పెడలు మీద పెట్టాడు. అలవాటు లేని కాలు. మొదట చక్రం వెనక్కి తిరిగింది. పైచక్రాన్ని చేత్తో ఒకసారి తోసి తొక్కాడు. కిర్రు... టక టక టక... కిర్రు... టక టక టక.

ఆమె గుమ్మంలో ఆగింది. చెప్పులు విప్పింది. వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఏమండీ, ఇంత ఆలస్యమైతే ఎలాగండీ?" అంది. "టీ పెట్టనా?" లేచి వంట వైపు నాలుగడుగులు వేసింది. ఎందుకు లేచిందో మర్చిపోయి మళ్ళీ వచ్చి కూర్చుంది.

సుపర్వైజరమ్మ గోడ వైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

ఆరోజు నుంచి కట్లాయన రోజూ సాయంత్రం అక్కడే. ఇంట్లో భార్య మొదట సణిగింది, తర్వాత సంగతి విని తనే టిఫిను కట్టివ్వడం మొదలుపెట్టింది. పగలు పక్కింటావిడ, మధ్యలో సుపర్వైజరమ్మ, ఆదివారాలు పెద్ద నర్సమ్మ. ఎవరి వంతు వాళ్ళు చెప్పకుండానే పంచుకున్నారు. ఇంత తేలిగ్గా కుదిరే పని. ఎవరూ ఆమెను ఏ ఆశ్రమంలోనూ వేయలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దాసుపత్రికి వెళ్ళాడు. టైలరు మంచం మీద సగం కూర్చుని ఉన్నాడు. దుప్పటి కింద ఒక వైపు పాదం దాకా ఎత్తుగా, ఒక వైపు సగంలోనే చదునుగా.

"డాక్టరమ్మకు చెప్పావా తమ్ముడూ?"

"చెప్పానన్నా."

"ఎప్పుడు?"

"కాలు తీశాక."

 టైలరు అతని చెయ్యి తీసుకుని నొక్కాడు. "మాటంటే నీదయ్యా. మాట మీద నిలబడ్డావు. ఈ రోజుల్లో అలాంటివాళ్ళు ఎవరున్నారు?"

నీ మాట కోసం కాదన్నా, నా రోషం కోసం. ఆ మాట కక్కలేడు, మింగలేడు. "మందు వేసుకున్నావా?" అని అడిగి లేచొచ్చేశాడు.

నెలకు టైలరు ఇంటికొచ్చాడు. అదే ఆదివారం అందరూ ఆ ఒక్క గదిలో చేరారు. మందులాయన తన వీధి రిపేరువాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ల్యాబు పిల్ల ఎక్కడెక్కడో వెతికి పిడి సంపాదించింది. డాక్టరమ్మ మంచం ఎత్తు, మిషను ఎత్తు టైలరు టేపుతోనే కొలిచి, ఏది ఎక్కడ జరపాలో చెప్పింది. పెద్ద నర్సమ్మ మోకాలి కింద దిండు సర్దింది. ఆ చిన్న గదిలో వాళ్ళంతా ఒకరినొకరు తగులుకుంటూ, "జరగండి", "పట్టుకోండి", "అది కాదు, ఇది" అంటూ పనిచేస్తుంటే, ఏదో శుభకార్యం అనుకుని పక్కింటివాళ్ళు తొంగి చూశారు. తోలు బెల్టు తీసేశారు. పిడి బిగించారు. నిజంగానే అరగంట పట్టింది.

సాయంత్రం లైట్లు వేశారు. టైలరు మంచం అంచున కూర్చుని, చెయ్యి పిడి మీద వేసి తిప్పాడు. గిర్రున తిరిగింది. కింద పెడలు కదల్లేదు.

భార్య చెవి ఒగ్గి విన్నది.  టైలరు ఇంకా వేగంగా తిప్పాడు. నుదుటి మీద చెమట పట్టింది. "వినబడుతోందా? ఇదిగో, నేనే..."

ఆ చప్పుడులో ఏదో లేదు. కిర్రు లేదు. పెడలు లేచి పడే మధ్యలో వచ్చే ఆ చిన్న ఆగుడు లేదు. ఆమె లేచి చెప్పుల కోసం వెతుక్కుంది. "మా ఆయన ఇంకా రాలేదు. చూసొస్తానండీ. మీరంతా కూర్చోండి."

రెండు నెలల కింద ఈ పిడి బిగించి ఉంటే, ఆమెకు ఇంకాస్త జ్ఞాపకం మిగిలి ఉన్నప్పుడు, మెల్లగా అలవాటు పడేదేమో. పడకపోయేదేమో. అది ఇంక ఎవరూ తేల్చలేరు. కట్లాయనకు మాత్రం ఆ 'ఏమో' ఒక్కటే జీవితాంతం సరిపోతుంది.

టైలరు చెయ్యి పిడి మీదనుంచి తీసేశాడు. తల తిప్పకుండానే అన్నాడు. "తమ్ముడూ. బెల్టు వెయ్."

కట్లాయన వంగి తోలు బెల్టు చక్రాలకు ఎక్కించాడు. స్టూలు మీద కూర్చుని చెప్పులు వదిలాడు. ఇనుప పెడలు చల్లగా అరికాలికి తగిలింది. అడ్డంగా కొన్ని గీతలు, ఐమూలగా కొన్ని. అన్నీ తెలుస్తున్నాయి. స్పర్శ ఉన్న కాలు కదా.

కిర్రు... టక టక టక.

ఆమె చెప్పులు విప్పింది. నవ్వుతూ వచ్చి కట్లాయన పక్కన నేల మీద కూర్చుంది. "ఏమండీ, వచ్చేశారా? టీ పెట్టనా?" అంటూ గదంతా చూసింది. చూపు మంచం మీద ఆగింది. గొంతు తగ్గించి, తన మొగుడనుకున్న మనిషిని అడిగింది. "ఆయనెవరండీ? పాపం, కాలు లేనట్టుంది. ఆయనక్కూడా కాస్త పెట్టనా?"

కట్లాయన తొక్కడం ఆపలేదు. ఆపితే ఆమె వెళ్ళిపోతుంది. తలెత్తనూ లేదు.

 మంచం మీదనుంచి టైలరే జవాబిచ్చాడు.

"పెట్టమ్మా" అన్నాడు. "పంచదార మాత్రం వద్దు."